ఒంటిగంట వంట

బాక్సులోకి వెళ్లే కూరను పొయ్యి దగ్గరే రుచి చూసి మార్కులు వెయ్యకూడదు. దానికి పరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటకు. జరిగేది కూడా ఏ గోదాము పక్క గదిలోనో, బడి వరండాలోనో, బస్సు డిపో బెంచీ మీదో. ఎనిమిదింటికి ఘుమఘుమలాడిన సొరకాయ కూర అప్పటికి నీరొదిలి, పక్కనున్న అన్నాన్ని కూడా తడిపేసి ఉంటుంది. పొద్దున ఉప్పు కాస్త ఎక్కువైందేమో అనిపించిన దొండకాయ వేపుడు అప్పటికి సరిగ్గా కుదురుతుంది. తిండి చల్లారితే నాలుకకు రుచి మందగిస్తుంది కదా, అందుకని బాక్సు కూరకు ఉప్పూ కారం ఓ చిటికెడు ఎక్కువే పడాలంటారు మా అత్తగారు. ఆవిడ మాట ప్రకారం ఇంట్లో తినే వంట వేరు, కట్టుకెళ్లే వంట వేరు. రెండూ ఒకే మూకుట్లో అయిపోవాలనుకునే ఇళ్లలోనే బాక్సులు సగం తిని వెనక్కొస్తాయట.

మా ఆఫీసులో ఫ్రిజ్ లేదు, మైక్రోవేవ్ లేదు. ఒక కుళాయి, రెండు బల్లలు, బుద్ధిపుడితే తిరిగే ఒక ఫ్యాను, అంతే. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో దీన్ని పెద్ద లోటుగా చెప్పుకుంటారు. నాకలా అనిపించదు. అన్నం తినేవాళ్లకు ఆ రెండు యంత్రాలూ జంటగా ఉంటేనే ఉపయోగం. ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడం బల్ల మీద ఉన్నప్పటికంటే ఫ్రిజ్‌లోని నాలుగైదు డిగ్రీల చలిలో బాగా వేగంగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కి, తినబోతే ఇసుకలా తగిలేది ఇందుకే. దాన్ని మళ్లీ మెత్తబరచాలంటే మైక్రోవేవ్ కావాలి. ఒక యంత్రం తెచ్చిన ఇబ్బందిని ఇంకో యంత్రం తీరుస్తుందన్నమాట. రెండూ లేని చోట తినడానికి పనికొచ్చే వంట మనకు ఎప్పటినుంచో ఉంది. దాన్ని పండగలకీ ప్రయాణాలకీ వదిలేసి, రోజువారీ బాక్సులో మాత్రం ముద్దపప్పు పెట్టి పంపుతున్నాం.

అలాగని భయం అక్కర్లేదని కాదు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్న వండిన తిండిలో క్రిములు చురుగ్గా పెరుగుతాయి. అలాంటి తిండిని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దనీ, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువనీ అమెరికా వ్యవసాయశాఖ వాళ్ల జనానికి చెబుతుంది. మన బాక్సు ఐదు గంటలు బయటే ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు కాస్తుంటే ఆ లెక్క ఏం కావాలి? పైగా అన్నానికి ప్రత్యేకంగా ఒక శత్రువు ఉంది, బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దీని సిద్ధబీజాలు ఉడుకుతున్న ఎసట్లో కూడా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మేలుకుని పెరుగుతాయి. అది వదిలే విషాల్లో వాంతులు పట్టించే రకం మళ్లీ వేడిచేసినా పోదు. అంటే చెడిపోయిన అన్నాన్ని మైక్రోవేవ్ కూడా బాగుచెయ్యలేదు. చేసే జాగ్రత్తంతా పొద్దున మూత పెట్టకముందే చెయ్యాలి.

ఇక్కడే పులిహోర గొప్పతనం తెలుస్తుంది. చింతపండు గుజ్జును నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికిస్తాం. నీరు పోతుంది, పులుపు చిక్కబడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, ఉప్పు, పసుపు, పైన నూనె, ఇంగువ కలిస్తే క్రిములకు ఊపిరాడదు. గోదావరి జిల్లాల్లో దీనికి తోడు ఆవ పెడతారు. ఆవపిండి ఘాటు కూడా క్రిములకు గిట్టదు. ఇన్ని కాపలాలున్నా నాకు ముఖ్యంగా నచ్చేది రుచి సంగతి. పులిహోరను కలిపిన వెంటనే తింటే ఉప్పొకచోట, పులుపొకచోట తగులుతుంది. నాలుగైదు గంటలు ఊరాక గింజగింజకూ పడుతుంది. అంటే ఎనిమిదింటికి కలిపిన పులిహోర సరిగ్గా ఒంటిగంటకే పాకానికి వస్తుంది. బాక్సు కోసమే పుట్టిన వంట ఇది. అన్నం మాత్రం పళ్లెంలో పరిచి ఫ్యాను కింద ఆరనివ్వాలి. బియ్యం పాతవైతే పొడిపొడిగా వస్తుంది. కొత్త బియ్యంతో చేస్తే ఒంటిగంటకు పులిహోర ఉండలు తినాలి. నిమ్మకాయ పులిహోర అంత గట్టిపిండం కాదు గానీ, రసాన్ని పొయ్యి ఆపాకే పిండితే చేదెక్కకుండా మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది.

పెరుగన్నానికి వేరే కిటుకుంది. వేసవిలో పొద్దున పెరుగు కలిపి పంపితే ఒంటిగంటకు పళ్లు పులుస్తాయి. అందుకని కలపాల్సింది పాలు. అన్నాన్ని కాస్త మెత్తగా వండి, వేడిమీదే మెదిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చబడ్డాక ఒక చెంచా పెరుగు తోడు వెయ్యాలి. బాక్సు బస్సెక్కి ఆఫీసుకు వచ్చి, ఒంటిగంటయ్యేలోపు పాలు అన్నంలోనే తోడుకుంటాయి. తోడుకునేటప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లమే మిగతా క్రిముల్ని అణిచిపెడుతుంది. మూత తీసేసరికి కమ్మటి పెరుగన్నం. చలికాలంలో తోడు కొంచెం పెంచుతాను, రోహిణి కార్తెలో అర చెంచా కూడా వెయ్యను. దానిమ్మ గింజలూ ద్రాక్షపళ్లూ విడిగా తీసుకెళ్లి అక్కడ కలుపుకోవడమే మేలు. పోతన భాగవతం దశమస్కంధంలో దూడల్ని మేపుకెళ్లిన పిల్లలు చల్దులు విప్పే ఘట్టంలో కూడా ఉన్నది పెరుగన్నమూ ఊరగాయలే. అడవిలో అంతకంటే నమ్మకమైన జోడీ ఏముంటుంది!

కూరల్లో నా ఓటు వేపుళ్లకే. దొండ, బెండ, కాకర, చామదుంప, ఏవైనా నీరు ఇగిరేదాకా వేగాలి. సొర, బీర, పొట్ల వంటివి ఇంట్లో రాత్రి పూటకు. పచ్చికొబ్బరి వేసిన కూర ఎండాకాలంలో బాక్సెక్కకూడదు, కొబ్బరి చట్నీ అసలే వద్దు. పప్పు తప్పదంటే మామిడికాయో గోంగూరో వేసి పుల్లగా చెయ్యండి. ఉత్త కందిపప్పు ఎండ తగిలితే సాయంత్రం లోపే తీగ సాగుతుంది. పొడులు మాత్రం ఏ కాలంలోనైనా మాట తప్పవు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఏదైనా చిన్న డబ్బాలో విడిగా పెట్టుకోవాలి. డిసెంబరులో మాత్రం నెయ్యి పేరుకుపోయి అంగిటికి అతుక్కుంటుంది కాబట్టి ఆ నెలలో పొడికి తోడు నువ్వులనూనె. కోడిగుడ్డు ఉడికించి పెంకుతోనే తీసుకెళ్లి అక్కడ ఒలుచుకోవచ్చు. మాంసం కూర సంగతి వచ్చేసరికి నేను పిరికిదాన్ని, అది ఆదివారానికే. మా అత్తగారిది ఖమ్మం వైపు. వేసవిలో ఆవిడ ఓటు జొన్నరొట్టెకూ ఉల్లిగడ్డ కారానికీ. రొట్టెను వేడిమీద స్టీలు డబ్బాలో పెట్టొద్దనీ, ఆవిరికి తడిసి సాగుతుందనీ, బట్టలో చుట్టమనీ నేర్పింది ఆవిడే.

ఆవిరి మాట వచ్చింది కాబట్టి, మూత గురించి చెప్పాలి. వేడివేడిది గిన్నెలో పోసి వెంటనే బిగిస్తే మూత చెమరుస్తుంది, ఆ చెమట చుక్కలుగా కూరలో పడుతుంది. కూర పాడయ్యేది చాలాసార్లు అక్కడినుంచే. పూర్తిగా ఆరాక మూత పెట్టండి, లేదా పొగలు కక్కేది హాట్‌ప్యాక్‌లో పొయ్యండి. గోరువెచ్చగా మూసిందే అన్నిటికంటే చెడ్డది. హాట్‌ప్యాక్‌లో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు పప్పో సాంబారో నిండుగా పొయ్యాలి. సగం నింపితే వేడి త్వరగా దిగిపోతుంది. తర్వాత బాక్సు పెట్టే చోటు. స్కూటీ డిక్కీలో కింద ఇంజను, పైన ఎండ. అక్కడ వదిలేసిన బాక్సును ఏ చింతపండూ కాపాడలేదు. నీడలో, గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టి, తడి తువ్వాలు చుట్టండి. తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. హైదరాబాదు పొడి ఎండలో ఈ తువ్వాలు బాగా పనిచేస్తుంది. విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో తువ్వాలు ఆరదు, బాక్సు చల్లబడదు. అక్కడివాళ్లు రాత్రి ఒక సీసా మజ్జిగను ఇంట్లో ఫ్రీజర్‌లో గడ్డకట్టించి బాక్సు పక్కన సంచిలో పెట్టుకోవడం నయం. భోజనం వేళకు కరుగుతుంది, తాగొచ్చు.

ఇన్ని చెప్పాక ఒక చిక్కు మిగులుతుంది. చాలా ఇళ్లలో బాక్సు కట్టే మనిషి ఒంటిగంటకు అక్కడ ఉండదు. మా అమ్మ గుంటూరులో ఏళ్ల తరబడి నాన్న జిన్నింగు మిల్లుకు క్యారేజీ కట్టింది. తను కట్టిన కూర మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసే వీలే లేదు. సాయంత్రం ఖాళీ క్యారేజీ వచ్చేది. నాన్నను అడిగితే "బాగుంది" అనేవారు, అన్ని కూరలకూ ఆ ఒక్క మాటే. ఆ మాటతో ఏ వంటా మెరుగుపడదు. నాది వేరే అదృష్టం, ముగ్గురికి కట్టేదాన్నీ నేనే, అందులో ఒకటి తినేదాన్నీ నేనే. మూత తీసినప్పుడు తప్పెక్కడుందో నాకే తెలుస్తుంది. కాలేజీకెళ్లే మా అమ్మాయి అయితే మొహమాటం లేకుండా చెబుతుంది. "అమ్మా, బెండకాయ ఓకే. పొడిలో నూనె నువ్వే కలపకు, నేను కలుపుకుంటా, ఉండ కడుతోంది." నాకు కావలసింది అలాంటి మాటే.

మా ఆయన మాత్రం మే నెలలో కూడా ముద్దపప్పే అడుగుతారు. హాట్‌ప్యాక్ మోసుకెళ్లి, అక్కడే కడిగి తెచ్చుకునేట్టయితే పెడతానన్నాను. బేరం ఇంకా తెగలేదు.