అడిగి తెచ్చి చూపే విద్య

గొప్ప ఎగ్జిబిషన్ చూసి బయటికొచ్చినవాళ్లు చిత్రకారుణ్ని పొగుడుతారు, శిల్పిని పొగుడుతారు, కాస్త చదువుకున్నవాళ్లైతే క్యూరేటర్‌నీ మెచ్చుకుంటారు. అవన్నీ ఒక్క కప్పు కిందికి చేర్చిన మనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నా మటుకు తొలి దండం మహరుఖ్ తారాపోర్‌కే. బొంబాయి అమ్మాయి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఫిలిప్ ద మాంటెబెల్లో డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఏళ్ల తరబడి ఎగ్జిబిషన్ల వ్యవహారమంతా చూసింది ఈవిడే.

అక్కడ 1997లో బైజాంటియం వైభవం మీద ఎగ్జిబిషన్ జరిగింది. క్యూరేటర్లు హెలెన్ ఎవాన్స్, విలియం విక్సమ్. అందులోకి సినాయ్ ఎడారిలోని సెయింట్ కేథరిన్ మఠం నుంచి పటాలు వచ్చాయి. అక్కడి సన్యాసులకు అవి కళాఖండాలు కావు, రోజూ మొక్కే దేవుళ్లు. 12వ శతాబ్దపు ఒక పటం చూడండి. బంగారు పూత మీద ఐమూలగా నిచ్చెన, దాని మీద ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్న సన్యాసులు, వాళ్లను కిందికి లాగుతున్న చిన్నచిన్న నల్లటి దయ్యాలు. దాన్ని మఠం గడప దాటించి సముద్రాల అవతలికి పంపమని ఏ నోటితో అడగాలి? డబ్బుతో ఆ పని కాదు. నమ్మకంతోనే అవుతుంది. ఏడేళ్ల తర్వాత 2004లో అదే మ్యూజియం బైజాంటియం చివరి శతాబ్దాల మీద మరో ఎగ్జిబిషన్ పెడితే, ఆ మఠం మళ్లీ పటాలు ఇచ్చింది. మొదటిసారి వెళ్లినవి వెళ్లినట్టే ఇంటికి చేరాయి కాబట్టే రెండోసారి తలుపు తెరుచుకుంది.

ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఈ విద్యకు మూలధనమే ఎరువు సొమ్ము. చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1930లో లండన్‌లో ఇటలీ చిత్రాలు పెడితే, ముస్సోలినీ తన దేశపు మాణిక్యాలన్నీ ఒకే ఓడకెక్కించి పంపాడట, ఆ ఓడ తుఫానులో చిక్కి ఎలాగో గట్టెక్కిందట. 1947-48లో లండన్ రాయల్ అకాడమీకి వెళ్లిన మన శిల్పాలు తిరిగొచ్చి ఢిల్లీలో ప్రదర్శనకు నిలిచాక, ఆ ప్రదర్శనే 1949లో నేషనల్ మ్యూజియం అయింది. ఎగ్జిబిషన్ కడుపున మ్యూజియం పుట్టిందన్నమాట!

ఇక పనితనం. సందు కనిపెట్టడం అందులో సగం. న్యూయార్క్‌లో ఫ్రిక్ భవనం మరమ్మతులకు మూతపడితే, దాని మూడు వెర్మీర్‌లనూ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2023 ఎగ్జిబిషన్‌కు తెచ్చుకుంది. సుమారు 37 చిత్రాలే మిగిలిన చిత్రకారుడివి 28 ఒక్కచోట! 1995లో వాషింగ్టన్‌లో ఆర్థర్ వీలాక్ 21 చేర్చినప్పుడే లోకం అబ్బురపడింది, పాపం అమెరికా ప్రభుత్వం మూతపడి కొన్నాళ్లు దానికీ తాళం పడింది. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చిన వెర్మీర్ 'ముత్యపు లోలాకు పిల్ల' మాత్రం మార్చి నెలాఖరుకే హేగ్‌లోని తన ఇంటికి వెళ్లిపోయింది. ఇచ్చినవాళ్లు ఎన్నాళ్లంటే అన్నాళ్లే. ఒక్కోసారి తారాపోర్ అంతటివారు ఉన్నచోట కూడా చట్టం అడ్డొస్తుంది. 2008లో మెట్రొపాలిటన్‌లో బాబిలోన్ కాలపు ఎగ్జిబిషన్‌కు రావలసిన సిరియా వస్తువులు అమెరికా కొత్త చట్టం భయంతో రాకుండా ఆగిపోయాయి. కేటలాగులో మాత్రం వాటి చోటు వాటికి ఉంచారు, అదీ మర్యాద.

వచ్చిన పెట్టెను ఆత్రంగా తెరవకూడదు. లోపలి గాలి గది గాలికి అలవాటు పడేదాకా ఒక రోజు అలాగే ఉంచుతారు. తర్వాత టార్చి ఏటవాలుగా పట్టుకుని, ఇచ్చిన మ్యూజియం నుంచి వెంట వచ్చిన కొరియర్ ఎదుటే, ప్రతి గీతనూ ప్రతి పెచ్చునూ కండిషన్ రిపోర్టుతో సరిచూస్తారు. వస్తువు పీఠం మీద బిగిసేదాకా ఆ కొరియర్ కదలడు. కాగితం మీది బొమ్మకు 50 లక్స్ వెలుతురు దాటనివ్వరు. రాతికి ఆ భయం లేదు కానీ, ఎదురుగా దీపం కొడితే పలక మీది చెక్కడం చప్పగా చచ్చిపోతుంది. పక్కనుంచి వేస్తేనే నాగు పడగ లేస్తుంది.

నాగు అంటే గుర్తొచ్చింది. మెట్రొపాలిటన్ మ్యూజియంలోనే 2023లో జాన్ గై 'ట్రీ అండ్ సర్పెంట్' పేరుతో తొలినాటి బౌద్ధ కళాఖండాలు 125కు పైగా నిలబెట్టాడు. అమరావతి, నాగార్జునకొండ, సూర్యాపేట జిల్లా ఫణిగిరి, అన్నీ మనవే. ఫణిగిరి తోరణపు దూలానికి రెండు వైపులా చెక్కడమే. అలాంటిదాన్ని గోడకు ఆనిస్తే ద్రోహం, చుట్టూ తిరిగి చూడనివ్వాలి. ఆ తర్వాత అది సియోల్‌లోనూ జరిగింది. మనవాళ్లలో ఎంతమంది ఫణిగిరి పేరు న్యూయార్క్ వార్తల్లోనే మొదట విన్నారో!

టుటన్‌ఖామున్ ఎగ్జిబిషన్ పేరు చెప్పి, మాంటెబెల్లోకు ముందు మెట్రొపాలిటన్ డైరెక్టరైన హోవింగ్ అభిమానులు నాతో తగువుకు రావచ్చు. 1978-79లో న్యూయార్క్‌లో 12 లక్షల మందికి పైగా చూశారు, నిజమే. నేను మాంటెబెల్లో పక్షం. జనాన్ని లెక్కపెట్టడం ఎగ్జిబిషన్ కాదు. 2011లో లండన్ నేషనల్ గ్యాలరీ లియొనార్డో చిత్రాలకు అరగంటకు 230 మందిని పంపే వీలున్నా 180 దగ్గరే ఆపింది. టికెట్ల డబ్బు పోతే పోనీ, చూసేవాడికి చిత్రం దక్కాలన్న పట్టుదల అది.

ఇప్పుడో? హాలు అద్దెకు తీసుకుని, నాలుగు గోడల మీద ప్రొజెక్టర్లు కొట్టి, సంగీతం మోగించి, వాన్ గోహ్ అంటున్నారు. ఒక్క అసలు చిత్రం ఉండదు. ఆయన రంగు గడ్డకట్టి వెన్నుపూసలా లేచి ఉంటుంది, వెలుగు బొమ్మలో ఆ దళసరి ఎక్కడిది? అరువు అడగలేదు, పెట్టె విప్పలేదు, పోతుందన్న భయం లేదు. సెల్ఫీకి బాగుంటుంది, అంతే. మన మహానగరాల్లో దానికి బారులు తీరుతుంటే, మన మ్యూజియంలలో బుద్ధుడు వెలిసిపోయిన లేబుల్ పక్కన ట్యూబులైటు కింద నిలబడి ఉన్నాడు.

అమరావతి స్తూపపు పలకలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 120 ఉన్నాయి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, పారిస్ గిమే మ్యూజియంలో ఉన్నాయి, అమరావతిలోనూ ఉన్నాయి. తన దగ్గరున్నవాటిని శాశ్వతంగా ఇవ్వడానికి బ్రిటిష్ మ్యూజియం 1963 నాటి తన చట్టం అడ్డమంటుంది. అరువిచ్చేందుకు మాత్రం అదే చట్టం దారి చూపుతుంది. మరి అడిగే నోరేది? కృష్ణ ఒడ్డున ఒక్క హాలు కట్టండి. తేమ, వెలుతురు అదుపులో ఉండాలి, కాపలా గట్టిగా ఉండాలి, కప్పు కారకూడదు. బదిలీల మీద వచ్చిపోయే ఆఫీసరుకు కాక, పదేళ్లు కుర్చీలో ఉండి ఉత్తరాలు రాసే ఒక ఎగ్జిబిషన్ల అధిపతికి దాన్ని అప్పజెప్పండి. మొదటి ఉత్తరం లండన్‌కు కాదు, చెన్నైకి రాయించండి. అదైతే ఒక్క రాత్రి రైలు ప్రయాణం.