మధ్యాహ్నాన్ని వదులుకునే ప్రయాణం

తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లు ముందు ఎక్కుతారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మోకాళ్లు ఎంతవరకు సహకరిస్తాయో గాలిగోపురం చేరేలోపే తేలిపోతుంది. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఈ వరస తలకిందులు. బ్రైట్ ఏంజెల్ కాలిబాట సౌత్ రిమ్ అంచున మొదలై కొలరాడో నది దాకా నాలుగు వేల అడుగులకు పైగా దిగుతుంది. పొద్దున్నే చల్లగాలిలో దిగేవాళ్లకు అలుపు తెలియదు. తెలిసేసరికి ఎక్కాల్సిన కొండంతా మిగిలి ఉంటుంది, ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది.

పిల్లలకు బడి సెలవులు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఎడారి లోయల ప్రయాణం కుదిరేది సరిగ్గా మండు వేసవిలోనే. లాస్ వేగాస్‌లో దిగడం, కారు అద్దెకు తీసుకోవడం, యూటాలోని జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ పార్కులతో పాటు గ్రాండ్ కాన్యన్‌నూ ఒక్క వారంలో చుట్టేయాలనుకోవడం. ఆ ఆరాటాన్ని తప్పుపట్టలేం; అంత దూరం మళ్లీ ఎప్పుడు వస్తారో ఎవరికి తెలుసు? అయినా ఈ ప్రయాణంలో నేర్పంతా మధ్యాహ్నాన్ని వదులుకోవడంలో ఉంది. దానికి మనసొప్పని వాళ్లు ఆరు పార్కులు తిరిగినా చూసేది పార్కింగ్ స్థలాలనే.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు చూసినవాళ్లకు ఇదొక లెక్కా అనిపించవచ్చు. కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దవుతుంది, ఒళ్లు ముందే హెచ్చరిస్తుంది. ఎడారి పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తరిగిపోతున్నా పైకి తెలియదు. దానికి తోడు లోయలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ఏడు వేల అడుగుల ఎత్తున్న సౌత్ రిమ్ మీద జులైలో 30 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉన్న రోజున నది ఒడ్డున 40 దాటుతుంది. పది నుంచి నాలుగు దాకా లోపలి బాటల్లో నడవొద్దని, ఒక్కరోజులో నదికి వెళ్లి తిరిగి రావాలని చూడొద్దని రేంజర్లు పదేపదే చెప్పేది అందుకే.

నీళ్లు తాగితే చాలదు. గంటల తరబడి చెమటోడుస్తూ వట్టి నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది; వాంతులు, తికమక, ఒక్కోసారి ప్రాణం మీదికి. నీటితో పాటు ఉప్పున్న తిండి పడాలి. పెద్దవాళ్లు పట్టుబట్టి కట్టించే పులిహోర పొట్లం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

మరి మధ్యాహ్నం ఏం చేయాలి? కారెక్కి ఎత్తుకు పోవాలి. జయాన్ లోయ నేల నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉడికిపోతుంటే, రెండు గంటల దూరంలోని బ్రైస్ అంచు ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల మీద హాయిగా ఉంటుంది. అక్కడి నారింజ రంగు రాతి స్తంభాలను చెక్కింది ప్రధానంగా మంచు. ఏడాదిలో సుమారు సగం రోజులు నీరు పగుళ్లలోకి దిగి, రాత్రి గడ్డకట్టి, పగలు కరుగుతూ రాతిని చీలుస్తుంది. బ్రైస్ నుంచి టోరీ వైపు సాగే 12వ నంబరు రహదారి బౌల్డర్ పర్వతం మీద తొమ్మిది వేల ఆరు వందల అడుగుల దాకా ఎక్కుతుంది. నడిఎండ వేళ ఆ చెట్ల నీడన కారాపి కూర్చోవడం కూడా ప్రయాణంలో భాగమే.

ఆ దారి దిగితే క్యాపిటల్ రీఫ్. హడావుడిగా వెళ్లేవాళ్లు ముందుగా జాబితాలోంచి తీసేసేది దీన్నే, అది అన్యాయం. ఎర్రటి కొండల మధ్య ఫ్రూటా అనే చోట, మోర్మన్ వలసదారులు వేసిన పండ్లతోటలను ఫ్రీమాంట్ నది నీటితో పార్కువాళ్లు నేటికీ కాపాడుతున్నారు. చెర్రీలు, ఆప్రికాట్లు, పీచ్‌లు, చివర్లో ఆపిళ్లు. కోతకు అనుమతించిన తోటలో నిలబడి తిన్నన్ని ఉచితం, ఇంటికి పట్టుకెళ్లేవాటికే డబ్బు. ఎడారిలో ఒక చిన్న నది ఎంత చేయగలదో ఏ ఫలకమూ ఇంత బాగా చెప్పదు.

ఆ నీరే ప్రాణాలూ తీస్తుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని పేజ్ ఊరి దగ్గర, లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు మెరుపు వరదకు బలయ్యారు. వాన కురిసింది మైళ్ల దూరంలో, ఎగువన. జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ ప్రాంతానికి వర్షాకాలం. నున్నటి రాతి నేల నీటిని ఇంకించుకోదు, పడ్డదంతా ఇరుకు సందుల్లోకి ఉరుకుతుంది. జయాన్‌లో నదిలోనే నడిచే నారోస్ బాటను వరద హెచ్చరిక వస్తే మూసేస్తారు. ఆ రోజుటి వరద ముప్పు ఎంతో విజిటర్ సెంటర్‌లో రాసి పెడతారు. తల మీద ఆకాశం నీలంగా ఉన్నా ఆ బోర్డు మాటే వినాలి. ఇంత దూరం వచ్చాం కదా అనే మొండితనానికి ఇక్కడ చోటు లేదు.

గడియారంతో ఇంకో చిక్కుంది. వేసవిలో యూటా సమయం గంట ముందుకు జరుగుతుంది, అరిజోనా జరపదు, అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ జరుపుతుంది. యాంటెలోప్ కాన్యన్‌లోకి నవాహో గైడ్ల వెంటే వెళ్లాలి కాబట్టి, టికెట్ మీదున్నది ఏ సమయమో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడ్డ తెలుగువాళ్లు శిఖరాల పేర్లు విని ఆశ్చర్యపోతారు: విష్ణు టెంపుల్, శివ టెంపుల్. 1880ల నాటి భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ ప్రాచ్య దేవతల పేర్లు పెట్టిన శిఖరాలివి. లోయ అడుగున ఉన్న నల్లటి శిలకూ విష్ణు షిస్ట్ అనే పేరు. వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. అంచున మన కాళ్ల కిందున్న సున్నపురాయికి 27 కోట్లే. అమ్మానాన్నలకు లోయలోకి దిగే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు. సూర్యోదయానికి అంచున ఒక బెంచీ చూసి కూర్చోబెట్టి, ఈ పొరలను ఒక్కొక్కటిగా చూపిస్తే చాలు.

ఆర్చెస్ చూసుకుని పడమటికి తిరిగేవాళ్లు గ్రీన్ రివర్ ఊళ్లో తప్పక ఆగాలి. అక్కణ్నుంచి సలీనా దాకా ఇంటర్‌స్టేట్ 70 మీద నూరు మైళ్లకు పైగా పెట్రోలు బంకు లేదు. ట్యాంకు నింపి, నీళ్ల డబ్బాలు చూసుకోవాలి. వేసవి చివరైతే ఆ ఊరికి పేరు తెచ్చిన పుచ్చకాయ కూడా ఒకటి డిక్కీలో వేసుకోవచ్చు.