సందేశమునకు ఇరవై మార్కులు

కథల పోటీ ప్రకటనలకు మన తెలుగునాట ఒక స్థిరమైన పదజాలము ఏర్పడిపోయినది. కథ స్వంతమైనదనియు, దేనికిని అనువాదము గాని అనుసరణ గాని కాదనియు, ఇంతకుముందెక్కడను ప్రచురింపబడలేదనియు, మరియే పత్రిక పరిశీలనలోను లేదనియు రచయిత హామీపత్రము జతపరుపవలెను. కాగితమునకు ఒకవైపుననే వ్రాయవలెను. అరఠావు ఆరు పుటలు మించరాదు. తగిన స్టాంపులంటించిన కవరు లేనిచో కథ త్రిప్పి పంపబడదు. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయము, ఇందు వాదోపవాదములకు తావు లేదు. వారపత్రికల దీపావళి, సంక్రాంతి సంచికలలో ఈ వాక్యములను చదివి చదివి కంఠస్థము చేసిన తరమువారము మేము. కనుక విజయనగరమునకు చేరువనున్న మా పట్టణపు శాఖాగ్రంథాలయమువారు, నవంబరు 14 మొదలు 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములను పురస్కరించుకొని, స్థానిక రచయితలకు వయోభేదము లేకుండ కథల పోటీ పెట్టదలచి, నిబంధనల చిత్తుప్రతిని నాకు చూపినప్పుడు, అందులో ఆ వాక్యములన్నియు స్టాంపుల ప్రసక్తితో సహా చెక్కుచెదరకుండ ఉండుట చూచి నాకు నవ్వును, ఒకవిధమగు ఆప్యాయతయు కలిగినవి.

తిరుగు కవరు జతపరచినవారు ఒక్కరును లేరు. వచ్చిన కథలలో సగము సెల్‌ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిన పుటల ఫొటోలు. కొన్నింట కాగితపుటంచున వ్రాసినవారి బొటనవ్రేలు కూడ పడినది. గ్రంథపాలకురాలు వానినన్నింటిని అచ్చుతీయించి, పేర్లును వయస్సులును వేరొక పట్టికలో దాచి, కథలకు అంకెలు మాత్రము వేసి మా ముగ్గురు న్యాయనిర్ణేతలకు పంచిరి. పేరు దాచవచ్చును గాని వయస్సు దాగునా? చేతివ్రాత కొంత, కాగితము కొంత చెప్పివేయును. టైపు చేసిన కథలలో మాత్రము మేము తరచు బోల్తాపడితిమి. ఎవరో వృద్ధులు వ్రాసినదని ముగ్గురమును ఏకగ్రీవముగా తీర్మానించుకొన్న ఒక విషాదగాథ ఇంటరు రెండవ సంవత్సరపు కుర్రవానిదని తేలినది. ఆ వయస్సుననుండునంత వైరాగ్యము మరియే వయస్సునను ఉండదు గదా!

అన్ని వయస్సులవారి కథలను ఒకే కట్టగా కట్టి చదువుటలో ఒక ప్రయోజనము కలదు. పిల్లలకు వేరు, పెద్దలకు వేరుగా పోటీలు పెట్టినచో కనబడనిది ఇక్కడ కనబడును: ప్రతి మనుష్యుని యొద్దను తాను కన్నులార చూచిన వస్తువొకటి ఉండును, దానిని నేర్చుకొన్న మాటలతో కప్పివేయుటలో ఒక్కొక్క వయస్సువానికి ఒక్కొక్క పద్ధతి ఉండును.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక కథ నోటుపుస్తకమునుండి చింపిన రూళ్ళకాగితములమీద వచ్చినది. మామ్మతో రేషను డిపోకు పోయి బియ్యము తెచ్చుట, అంతే ఇతివృత్తము. అంట్లు తోమి తోమి, చింతపండు పిక్కలు తీసి తీసి రేఖలరిగిపోయిన ఆ మామ్మ వ్రేళ్ళను యంత్రము గుర్తుపట్టదు. “ఇంకో వేలెట్టు మామ్మా” అని డీలరు అనును. ఆమె వ్రేలిని కొంగుతో తుడిచి, నోటితో ఊది, మరల పెట్టును. వరుసలో వెనుకనున్నవారు నూనె రాయుమని ఒకరు, తడిచేయుమని ఒకరు తలకొక సలహా చెప్పుదురు. ఎట్టకేలకు ఎడమచేతి చిటికెనవ్రేలు పనికివచ్చును. బియ్యపు సంచి మనుమరాలు మోయుచుండగా, ఆ మామ్మ ఇల్లు చేరువరకు చిటికెనవ్రేలిని అరచేతిలోనికి మడిచి, దానికేమియు తగులకుండ, వచ్చే నెలకు దాచుకొన్నట్లు పట్టుకొని నడచును. ఇది చదివి నేను కాగితము క్రిందపెట్టి కొంతసేపు ఊరకుంటిని. కాని కథ అక్కడ ముగియలేదు. “కావున మనమందరము వృద్ధులను గౌరవించవలెను, సాంకేతిక విజ్ఞానమును మానవాళి శ్రేయస్సుకు వినియోగించవలెను” అని ఆ బాలిక ఏడెనిమిది పంక్తులు వ్రాసి, క్రింద రెండు గీతలు గీచినది. ఆ పంక్తులలో ఆ పిల్ల లేదు. వాచకము ఉన్నది, ఉపాధ్యాయుడున్నాడు, ఆగస్టు 15 నాటి వక్తృత్వపు పోటీ ఉన్నది.

ఇక డెబ్బది యేండ్లు దాటిన ఒక విశ్రాంత జూట్‌మిల్లు కార్మికుని కథ. అది సూర్యోదయముతో ప్రారంభమైనది. ప్రాగ్దిశ అరుణిమ దాల్చినది, పక్షులు కిలకిలలాడినవి, పల్లెపడుచులు కళ్ళాపి చల్లినారు, కథానాయకుని వంశవృక్షము మూడు తరములు పాతుకొన్నది. ఇట్లు రెండున్నర పుటలు గడచిన పిమ్మట, ఎట్టి సన్నాహమును లేకుండ, కథ మొదలైనది. మిల్లు మూతపడి కూత ఆగిపోయిన తరువాత కూడ ఆ వీధి పాత షిఫ్టు వేళకే మేలుకొనును. ఎవరును లేపనక్కరలేకుండనే ఆడవారు ఎసరు పెట్టుదురు. మగవారు కేరేజీలు పట్టుకొని గేటు ఎదుటి టీబడ్డీ వరకు పోయి, అక్కడనే కూర్చుండి, మధ్యాహ్నము అక్కడనే అన్నము తిని, షిఫ్టు విడుచు వేళకు ఇంటికి వచ్చెదరు. ఏల పోయితిరని అడుగువారు లేరు. కొడుకు పెండ్లిచూపులకు వచ్చినవారితో ఆ ఇల్లాలు “ఆయన డూటీ కెళ్ళారు” అని చెప్పును. ఈ ఒక్క మాటకొరకు ఆ రెండున్నర పుటల అరుణోదయమును క్షమింపవచ్చును, క్షమించి తొలగింపవచ్చును.

పిల్లలు చివర కప్పుదురు, పెద్దలు మొదట కప్పుదురు. నడివయస్సువారి సంగతి వేరు. వారు కొసమెరుపునకు దాసులు, చివరి పంక్తిలో భార్య చెల్లెలుగానో, హంతకుడు పోలీసుగానో మారుటకై మొదటి అయిదు పుటలను బలిపెట్టుదురు. వారినిగూర్చి ఇక్కడ ఎక్కువ వ్రాయను.

మాకు ఇచ్చిన మార్కుల పట్టికలో ఇతివృత్తమునకు 30, శిల్పమునకు 30, భాషకు 20, సందేశమునకు 20 అని యుండెను. బాలిక చివరి పంక్తులకు మూలము అక్కడ దొరకినది. సందేశమునకు మార్కులున్నవని ప్రకటనలోనే అచ్చువేసినచో సందేశము వ్రాయకుండుటకు ఆ పిల్లకేమి పిచ్చియా? నేను ఆ అంశమును తొలగింపుమని కోరితిని. తోటి న్యాయనిర్ణేతలలో ఒకరు పూర్వము ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన పండితులు. వారు మృదుస్వభావులే గాని ఈ విషయమున మాత్రము పట్టుపట్టిరి. “సందేశం లేకపోతే కథెందుకండీ, కబుర్లు చాలవా?” అనిరి. అంతటితో ఆగక, “1910లో ఆంధ్రభారతిలో వచ్చిన మన అప్పారావుగారి కథ పేరేమిటి? ‘దిద్దుబాటు’. పేరులోనే సందేశం లేదా?” అని నన్ను నిలదీసిరి. విజయనగరపు గాలి పీల్చినవాడు ఆ పేరు విని మారుపలుకుట సులభము కాదు.

నేను ఆ రాత్రి ‘దిద్దుబాటు’ మరల చదివి, మరునాడు వారియింటికి పోయితిని. ఆ కథ మొదట సూర్యోదయము లేదు. రాత్రివేళ మూసియున్న తలుపు కలదు. చివర నీతివాక్యము లేదు. మంచముక్రింద దాగిన భార్య నవ్వు కలదు. సంస్కరణ అంతయు భర్త కంగారులోను, నౌకరు రాముని మాటలలోను, పుట్టింటికి పోవుచున్నానని కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరములోను జరిగిపోవును. కథకుడు ముందుకు వచ్చి ‘కావున’ అనడు. పండితులవారు చాలసేపు ఆలోచించి, “ఆ ‘కావున’కు మార్కులు వద్దంటారు, అంతేనా?” అనిరి. అంతే. కాని ఆ 20 మార్కులను ఏమి చేయవలెను? వారు ‘స్థానికత’కు ఇత్తమనిరి. దానికిని నేను జంకుచున్నాను. స్థానికతకు మార్కులున్నవని తెలిసిన మరునాటినుండి పైడితల్లమ్మ సిరిమాను ప్రతి కథలోను ఊరేగును, చంపావతి ప్రతి పుటలోను గలగల పారును. ఏటిపేరు వ్రాసినంత మాత్రమున కథకు ఊరు రాదు. ‘ఇంకో వేలెట్టు’ అన్న చోట ఊరు దానంతటదియే వచ్చియున్నది.

భాషకు కేటాయించిన 20 మార్కులతో కూడ చిక్కే వచ్చినది. ఇంట్లో ‘ఎల్లొస్తాను’ అనువాడు కథలో ‘నేను వెళ్ళివచ్చెదను’ అని తల్లితో పలుకును. 1892లో విజయనగరమున ‘కన్యాశుల్కము’ ప్రదర్శింపబడినది. ఇన్నేండ్లైనను మన పాత్రలు నోరు విప్పుటకు ముందు చొక్కా గుండీలు పెట్టుకొనుచునే యున్నవి. ఈ మాట గ్రాంథికవాసన వదలని వాక్యములలో వ్రాయుచున్నవాడెవడని పాఠకులు నవ్వవచ్చును. నేను కథలోని పాత్రను కాను గనుక నాకు చెల్లును.

పుటల పరిమితినిగూర్చి కూడ ఒక మాట. అరఠావు ఆరు పుటలలో రెండు మిగుల్చుకొని కథ చెప్పగల చాసో మా ప్రాంతమువారే. కాని చదరంగపు ఎత్తులతో అంతకంతకు పెరుగు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘వడ్లగింజలు’ ఈనాడు మా పోటీకి వచ్చినచో గ్రంథాలయము గుమ్మములోనే ఆగిపోవును. నిబంధన ఉండవలసినదే, న్యాయనిర్ణేతల కన్నులు కూడ కన్నులే గదా. అయినను నిడివి మించినదని చదువక త్రోసివేయుట నాకు సమ్మతము కాదు.

బహుమతులవలన ఏమియు లేదని చెప్పుటకు నేను సాహసింపను. 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’కు ద్వితీయ బహుమతి వచ్చుటచేతనే తెలుగు కథ యనునదొకటి కలదని లోకమునకు తెలిసినది. ఆ కథ ప్రపంచమునకు పోవుటకు ప్రపంచమును వర్ణింపలేదు. మన కోస్తా రైలు, అందొక ముష్టిది, తుఫాను రాత్రివేళ చిక్కుకొన్న ఒక స్టేషను, అవే దానికి చాలినవి. కాని ఊరి పోటీకి ఆ కొలత పనికిరాదు. ఇక్కడ మూడు బహుమతులు ముగ్గురికి పోవును, తక్కినవారందరికి పోవునదేమి? సాధారణముగా నిశ్శబ్దము. మొట్టమొదటిసారి కథ వ్రాసినవాడు బహుమతి రానందులకంత బాధపడడు. తన కథను ఎవరైన చదివిరో లేదో తెలియనందులకు బాధపడును. అందుచేత ఈసారి మేము ముగ్గురమును కథలను పంచుకొని, ప్రతిదాని చివర పెన్సిలుతో రెండు మూడు పంక్తులు వ్రాసితిమి: కథ ఎక్కడ ప్రాణముతో ఉన్నదో ఆ చోటు గుర్తించి, ఎక్కడ ఆగిపోయినదో చెప్పితిమి. బాగున్నది, కృషి చేయుము వంటి మాటలు నిషేధించుకొంటిమి. ఈ పని మార్కులు వేయుటకంటె ఎక్కువ కాలము తీసికొన్నది, ఎందుచేతననగా మార్కునకు కారణము చెప్పనక్కరలేదు, వాక్యమునకు చెప్పవలెను.

మరియొక కోరిక కూడ గ్రంథాలయమువారి ముందుంచితిని. 1997లో శ్రీకాకుళమున కాళీపట్నం రామారావుగారు కథానిలయమును స్థాపించి, అచ్చయిన తెలుగు కథ ప్రతిదానిని సేకరించుటకు పూనుకొనిరి. కాని అచ్చుకాని కథకు నిలయమేది? పోటీకి వచ్చిన చేతిప్రతులు ఫలితములు వెలువడగానే బీరువా క్రిందికి, అటుపై చిత్తుకాగితముల వానికి పోవును. వానినన్నింటిని, బహుమతి వచ్చినవానిని రానివానిని భేదము లేకుండ, ఏటికొక సంపుటముగా కుట్టించి అట్టవేయించి స్థానిక చరిత్ర బీరువాలో ఉంచుమని కోరితిని. ముప్పది యేండ్ల తరువాత రేషను యంత్రము ఎట్లుండెడిదో, మూతబడిన మిల్లుగేటు ఎదుట మగవారు ఏమి చేసెడివారో తెలిసికొనగోరువానికి గెజెటీరులో అది దొరకదు. అట్టకు డబ్బు మంజూరు చేయుటకు శీర్షిక ఏదియని ఆలోచించుచున్నారు.

బహుమతి ప్రదానసభ సభలవలెనే జరిగినది. ముఖ్య అతిథిగారు గంటకు పైగా కథాప్రశస్తి చేసిరి, కథలెవరును చదువలేదు. ప్రథమ బహుమతి రేషను డిపో కథకు వచ్చినది, ‘కావున’ను తొలగించుటకు రచయిత్రి ఒప్పుకొన్నది.

ద్వితీయ బహుమతి పొందిన మిల్లు పెద్దాయన మాత్రము ఒప్పుకొనలేదు. సభ అయిన వారమునకు కథను తిరుగవ్రాసి మాయింటికి తెచ్చిరి. పక్షులు పోయినవి, వంశవృక్షము పోయినది. సూర్యోదయము మాత్రము అయిదు పంక్తులకు కుదించుకొని అక్కడనే నిలిచియున్నది. నా పెన్సిలు గీతను చూపుచు, “మేష్టారూ, కూత ఉన్నన్నాళ్ళూ మేం సూర్యుణ్ణి చూసి లేవలేదండీ. అది ఆగిపోయాకే చూశాం. అది తీసేస్తే ఎలాగండీ?” అని అడిగిరి. ఆ సంగతి కథలో ఎక్కడను వ్రాయలేదే యంటిని. వ్రాయనక్కరలేదు, తెలిసిపోవును, అనిరి. తెలియదంటిని. కాఫీ త్రాగి, కాగితములు మడిచి జేబులో పెట్టుకొని, వచ్చే యేడు ఇదే కథను మరల పోటీకి పంపెదననిరి. ఒకసారి పోటీకి వచ్చిన కథ మరల పంపరాదని ఆరవ నిబంధన. దానిని సవరింపవలెనని ఆయన గ్రంథాలయమునకు అర్జీ పెట్టుకొన్నారు. కమిటీ ముందుంచెదమని సమాధానము వచ్చినదట.