కాళ్ల సంగతి ఎవరడుగుతారు?

షుగరున్న ఇద్దరు ఎదురుపడితే ముందు వచ్చేది అంకెల మాటే. "తినకముందు ఎంతుంది? తిన్నాక ఎంత?" కాస్త తెలిసినవాళ్లయితే హెచ్‌బీఏ1సీ దాకా వెళ్తారు. చక్కెర అంటుకునే ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఆ పరీక్ష రెండు మూడు నెలల సగటు బయటపెట్టేస్తుంది. ముందు రెండు రోజులు పథ్యం చేసి దాన్ని ఏమార్చలేం. మంచిదే. కానీ కాళ్ల సంగతి ఎవరూ అడగరు.

నేను రోజూ పడుకోబోయే ముందు ట్యూబులైటు కింద కూర్చుని కాళ్లు చూసుకుంటాను. నడుం వంగదు కనుక నేలమీద చిన్న అద్దం పెట్టి అరికాలు అందులో చూస్తాను. మడమ పగుళ్లు, ఆనెకాయ చుట్టూ ఎరుపు, బొబ్బ, వేళ్ల సందుల్లో నాని తెల్లబడిన చర్మం... ఏదీ వదలను. కాళ్లు కడిగాక తడి దాక్కునేది ముఖ్యంగా చిటికెన వేలి పక్క సందులో. తువ్వాలు కొస మెలిపెట్టి అక్కడ అద్దాలి. కొబ్బరినూనె మడమలకు రాసుకోవచ్చు, సందుల్లో వద్దు. గోళ్లు తిన్నగా కత్తిరించాలి, మూలలు తొలవకూడదు. ఇక ఆనెలను బ్లేడుతో చెక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంత చాదస్తం ఎందుకంటే, షుగరు నరాలను దెబ్బతీశాక కాలికి నొప్పి తెలియదు. గుచ్చుకున్న ముల్లు అలాగే ఉండిపోతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ప్రదక్షిణలు చేసి, ఇంటికొచ్చాక బొబ్బలు చూసుకునేవాళ్లున్నారు. దేవుడి దగ్గర చెప్పులు వదలక తప్పదు, పొద్దెక్కకముందే వెళ్లొస్తే పోలా?

కాలికి స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష ఉంది. సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, కళ్లు మూసుకున్న మనల్ని "తెలిసిందా?" అని అడుగుతారు. అంతే. ఏడాదికోసారి చుక్కల మందు వేసి రెటీనా చూడటం, మూత్రంలో ఆల్బుమిన్ చూడటం ఎంత అవసరమో ఇదీ అంతే. రద్దీలో డాక్టరుగారికి మన బూట్లు విప్పించే తీరిక ఉండకపోవచ్చు.

కాబట్టి ఈసారి రిపోర్టులు చేతికిచ్చే ముందే చెప్పులు విప్పి కూర్చోండి. ఇంట్లో ఎప్పుడైనా పుండు కనిపిస్తే మాత్రం, పసుపు పెట్టి వారం చూద్దామనుకోకండి. ఆ రోజే చూపించండి.