పదిహేను చుక్కలు, ఎనిమిదొచ్చేదాకా

ధనుర్మాసం వస్తే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. కొండ కింద తిరుపతిలో తెల్లవారకముందే వాకిళ్ళలో కల్లాపి చప్పుడు మొదలవుతుంది. ఎదురింటి ముగ్గు నచ్చితే అడగాల్సింది ఒక్కటే.

"అక్కా, ఎన్ని చుక్కలు?"

"పదిహేను, ఎనిమిదొచ్చేదాకా. సందు చుక్క."

ముగ్గు చట్రమంతా ఆ జవాబులోనే ఉంది. నడుమ వరుసలో 15 చుక్కలు. దానికి అటూ ఇటూ ఒక్కో చుక్క తగ్గిస్తూ, ముందు వరుస సందుల్లో పడేలా 14, 13, 12 అని పెట్టుకుంటూ 8 దగ్గర ఆపాలి. మొత్తం 169 చుక్కలు. 8 దగ్గరే ఎందుకు? 15లో సరిగ్గా నడిమి చుక్క ఎనిమిదోది. అక్కడ ఆపితేనే ఆరు పక్కలా ఎనిమిదేసి చుక్కలున్న షడ్భుజి వస్తుంది. 7 పెడితే 4, 9 పెడితే 5, 11 పెడితే 6 అన్న జతలు ముగ్గు వేసేవాళ్ళకు నోటికొచ్చు. అయితే లెక్క తెలిస్తే సరిపోదు. వరుసకీ వరుసకీ ఎడం, చుక్కకీ చుక్కకీ ఉన్న ఎడం కన్నా పిసరంత తక్కువ ఉండాలి. రెండూ సమానం చేస్తే పువ్వు నిలువుగా సాగిపోతుంది. స్కేలు పట్టకుండా ఆ పిసరు తగ్గించేది కన్నే.

చుక్క కింద చుక్క పెట్టే ముగ్గులది వేరే లెక్క. నడుమ 9 పెట్టి, రెండేసి తగ్గిస్తూ ఒకటి దాకా పోతే 41 చుక్కల వజ్రం తయారవుతుంది. కొస నుంచి నడుమ దాకా 1, 3, 5, 7, 9 కలిపితే 25, అంటే ఐదు ఐదుల పాతిక. బేసి సంఖ్యలను వరసగా కలిపితే వర్గాలొస్తాయని బడిలో చెప్పే పాఠం ఇక్కడ పిండితో పరిచి ఉంటుంది.

తమిళనాడు పక్కనే ఉన్న నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు మెలికల ముగ్గు మీద మక్కువ ఎక్కువ. నా దృష్టిలో అసలు పనితనం అందులోనే ఉంది. ఇందులో గీత చుక్కను తాకదు, చుట్టి వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టిన పిండి ఒకే తీరున సన్నగా జారాలి, మలుపులో చెయ్యి ఆగకూడదు. ఆగితే అక్కడ పిండి కుప్పపడుతుంది, చూసినవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. బయల్దేరిన చోటికే గీత తిరిగి రావాలి, ఏ చుక్కా బయట మిగిలిపోకూడదు.

ఒక్క గీతతో ముగ్గు ముగుస్తుందా లేదా అన్నది చుక్కలు పెట్టినప్పుడే తేలిపోతుంది. చుక్కలు దీర్ఘచతురస్రంగా పెట్టి, వాటి సందుల్లోంచి ఏటవాలుగా పోతూ, అంచున చుక్కను చుట్టి లోపలికి మళ్ళే గీతను గీసి చూడండి. 3 వరుసల్లో నాలుగేసి చుక్కలుంటే ఒకే గీత అన్నింటినీ చుట్టేస్తుంది. 3 వరుసల్లో మూడేసి పెడితే మూడు విడి గీతలు కావాలి. 4 వరుసల్లో ఆరేసి పెడితే రెండు. ఎన్ని గీతలో చెప్పేది ఆ రెండు సంఖ్యల గ.సా.భా. మరి మూడు మూళ్ళ ముగ్గును ఒకే గీతలో ముగించాలంటే? రెండు వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట, దాటించకుండా రెండింటినీ పక్కకు మళ్ళించాలి. అక్కడ రెండూ కలిసి ఒక్కటవుతాయి. అలా రెండుచోట్ల చేస్తే చాలు.

ఈ చేతిలెక్కను గణితవేత్తలు ఎప్పుడో పట్టుకున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్‌తో కలిసి 1974లో ముగ్గుల మీద పరిశోధనాపత్రం వెలువరించారు. కంప్యూటర్ బొమ్మలను వర్ణించే వ్యాకరణంలో ముగ్గులను ఇమిడ్చారు. అంగోలాలో చోక్వే జాతివాళ్ళు కథ చెబుతూ ఇసుకలో చుక్కలు పెట్టి ఇలాంటి గీతలే తిప్పుతారు. వాటినీ మన ముగ్గులనూ పక్కపక్కన పెట్టి చదివిన గణితవేత్తలున్నారు.

ఇక్కడ మాత్రం సంక్రాంతి ముగ్గుల పోటీలకు పోతే మార్కులన్నీ రంగులకే పడుతున్నట్టుంటుంది. నెమళ్ళు, కుండలు, చెరుకు గడలు నిండుగా ఉంటాయి. బాగుంటాయి, కాదనను. కానీ చాలావాటికి చుక్కలుండవు. ముందు సుద్దముక్కతో బొమ్మ గీసుకుని, దాని మీద రంగు పోస్తారు. గుమ్మం ముందు అతికించే స్టిక్కరుకు ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు. పోటీ పెట్టేవాళ్ళకు నాదో మనవి: ఒక్క బహుమతి తెల్లపిండి మెలికలకు విడిగా పెట్టండి. పక్కనే ఆరో తరగతి పిల్లల్ని నిలబెట్టి, చుక్కలు పెట్టడం అయ్యాక, గీత మొదలుకాకముందే, ఎన్ని గీతల్లో ముగుస్తుందో చెప్పమనండి.