దమ్ముకి పాతదే మేలు

సార్వా ఊడ్పులకు ముందు తాడేపల్లిగూడెం, ఏలూరు మధ్య కాలువ కింద చేలల్లో తిరిగే ట్రాక్టర్లలో కొన్నింటికి బానెట్ ఉండదు, దీపాలుండవు, సీటు మీద గోనెపట్టా మడతపెట్టి ఉంటుంది. తొట్టి లాగడానికి, రోడ్డెక్కడానికి వేరే బండి. పాత మెస్సీనో, 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా పెట్టిన కంపెనీ తెచ్చిన బి-275 తరం బండినో దమ్ముకి, అంటే నీళ్ళు పెట్టిన చేనును బురదగా దున్నడానికి, ఉంచుకుంటారు.

ఇందులో పిసినారితనం కంటే లెక్క ఎక్కువ. బురద నీళ్ళు ఏ బండినైనా తినేస్తాయి. కొత్తదాన్ని దింపితే దాని ఆయుష్షే తరుగుతుంది. దమ్ములో పట్టు ఇచ్చేది ఇనుప చక్రాలు కాబట్టి టైరు నున్నగా అరిగినా నష్టం లేదు. పైగా పాత చిన్న బండి తేలిక. అడుగున గట్టి పొర లేని నల్ల నేలల్లో బరువైన బండి కూరుకుపోతుంది.

అయితే పాతబండిని దమ్ముకి వాడేవాడికి సాయంత్రం చాకిరీ తప్పదు. కాలువ నీళ్ళతో కడిగి, ముందు చక్రాల బేరింగులకు గ్రీజుగన్నుతో గ్రీజు కొడతారు. బురద కలిసిన పాత గ్రీజు బయటికొచ్చి, వెనక శుభ్రమైనది కనిపించేదాకా కొట్టాలి. గేరాయిలు పాలలా తెల్లబడిందంటే సీలు పోయి నీరు చేరినట్టే. ఆ సంగతి చూడకుండా మర్నాడు దించితే సీలు ఖర్చుతో పోయేది గేరుబాక్సు ఖర్చుదాకా వస్తుంది. మార్చిన ఇంజనాయిలు పారబోయరు. ఊడ్పులయ్యాక ఇనుప చక్రాలకు పూసి కొట్టంలో వేస్తారు, తుప్పు పట్టదు. బ్యాటరీ చచ్చిన బండిని కాలువ గట్టు వాలున ఆపి, పొద్దున దొర్లించి స్టార్టు చేయడం మరో తెలివి. డెల్టా నేల బల్లపరుపు, గట్టు తప్ప వాలెక్కడుంది?

కొల్లేరు వైపు కథ ఆయిలింజనుది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా ఆ పల్లంలో చేరుతుంది. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే అక్కడ నీరు తోడి పెట్టడం ఎంత పనో, తోడి పారేయడం అంత పని. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన నిమిషానికి 600-650 చుట్ల ఇంజనుకు రాజ్‌కోట్ కార్ఖానాలు నకళ్ళు పోశాయి. తల మీది చిన్న లీవరు ఎత్తితే వాల్వు తెరుచుకుని గాలి ఒత్తిడి ఉండదు. హ్యాండిల్ తిప్పి, బరువు చక్రాలు వేగం అందుకోగానే లీవరు వదిలేయాలి. ఆ ఊపుకి గాలి నలిగి వేడెక్కి డీజిలు అంటుకుంటుంది. పక్కన నీళ్ళ డ్రమ్ము పెడితే వేడి నీరు పైకి, చల్లనిది కిందికి తనంతట తానే తిరుగుతుంది, వేరే పంపు అక్కర్లేదు. నెమ్మదిగా తిరిగేది కనుక నెమ్మదిగా అరుగుతుంది. అరిగినా లేత్ మిషను దగ్గర బోరు చేయిస్తే మళ్ళీ నడుస్తుంది. కరెంటు లైను వచ్చిన చోట మాత్రం మోటారే మేలు. పాతదాని మీద ప్రేమకొద్దీ డీజిలు తగలెయ్యడం నాకు నచ్చదు.

ఈ సర్దుబాటును వెనకబాటు అనేవారు అమెరికా వైపు చూడొచ్చు. కొలరాడో రాష్ట్రం 2023లో రైతు తన యంత్రాన్ని తానే బాగుచేసుకునే హక్కుకు చట్టం చేయాల్సి వచ్చింది. కొత్త ట్రాక్టర్ల కంప్యూటరు తాళం తీయడానికి కంపెనీ మనిషి కోసం ఆగాల్సి రావడమే గొడవ. మన కేంద్రం 2022లో వేసిన రిపేరు హక్కు కమిటీ కూడా వ్యవసాయ పరికరాలను లెక్కలోకి తీసుకుంది. గోనెపట్టా బండికి ఆ తాళమే లేదు. రెంచీలు, అనుభవమున్న మెకానిక్కు చాలు.

సరిపెట్టుకోకూడనిది ఒకటుంది. దిగబడిన బండిని ముందుకే రేపితే, వెనక చక్రాలు కదలనప్పుడు ముందు భాగం లేచి డ్రైవరు మీదికి తిరగబడుతుంది. పాతవాటికి తల మీద రక్షణ కమ్మీ ఉండదు. చక్రానికి దుంగ కట్టి లాగించడం మరీ ప్రమాదం. వెనకున్న పనిముట్టు విప్పేసి, రివర్సులో మెల్లగా ప్రయత్నించాలి. కదలకపోతే దిగిపోయి, గట్టు మీది రెండో ట్రాక్టరుతో వెనక్కి లాగించాలి.