వేడిని ఆపే ఇల్లు, వేడితో పోట్లాడే ఇల్లు

వికారాబాద్‌కు, తాండూరుకు మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా పడిన నిజాం రైలుమార్గం మీదే రెండు ఊళ్లూ ఉన్నాయి. 2016 అక్టోబరు 11 నుంచి రెండూ ఒకే కొత్త జిల్లాలో ఉన్నాయి. అయినా ఎండ విషయంలో వీటి స్వభావాలు వేరు. వికారాబాద్ సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున, అనంతగిరి అడవి పక్కన, ఎర్రనేల మీద ఉంది. క్షయ రోగులకు ఇక్కడి గాలి మేలు చేస్తుందని నిజాం కాలంలోనే గుట్ట మీద ఆసుపత్రి కట్టారు. తాండూరు దాదాపు 200 మీటర్లు కింద, కాగ్నా నది పరీవాహకంలో ఉంది. నల్లరేగడి, దాని కింద సున్నపురాయి, చుట్టూ బండల గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ రేగడి మీద పండే కందికే 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ రెండు నేలల మీద కప్పు కింద పంట పెట్టే రైతును ఏటా వేధించేది ఒకటే ప్రశ్న: కరెంటు బిల్లు పెరగకుండా లోపలి వేడిని ఎలా తగ్గించాలి? దీనికి వాడుకలో ఉన్న జవాబులు రెండు. నాలుగు వైపులా మూసి, ఒక గోడకు తడి ప్యాడ్లు, ఎదురు గోడకు పెద్ద ఫ్యాన్లు పెట్టే పాలీహౌస్ ఒకటి. పక్కలూ పైకప్పూ తెరిచి గాలిని దాని దారిన పోనిచ్చే పాలీహౌస్ లేదా షేడ్‌నెట్ రెండోది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, రెండు ఊళ్ల మీదా పరీక్షించి చూడాలి.

ముందు ఎండ లెక్క

మే నెల మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు 1,000 వాట్లు. వెయ్యి చదరపు మీటర్ల, అంటే దాదాపు పావెకరం పాలీహౌస్ మీద పడేది 1,000 కిలోవాట్లు. అందులో 70 శాతమే లోపలికి వస్తుందనుకున్నా 700 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ బయటికి తోడగలిగేది సుమారు 5.3 కిలోవాట్లు. అంటే పావెకరం ఇంటికి 130 ఏసీలు కావాలి. అది జరిగే పని కాదు. కనుక పోటీ ఉన్నది నీళ్లను ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతికి, ఎండను ముందే అడ్డుకుని గాలితో వేడిని పంపేసే పద్ధతికి మధ్యనే.

కట్టుబడి ఖర్చులో తేడా పెద్దదే. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో ఫ్యాన్, ప్యాడ్ ఇంటికి చదరపు మీటరుకు రూ.1,400 నుంచి రూ.1,650 లెక్కగట్టారు. సహజ గాలి పాలీహౌస్‌కు రూ.844 నుంచి రూ.1,060, పైపుల షేడ్‌నెట్‌కు రూ.710. తెలంగాణ వచ్చాక రాష్ట్రం పాలీహౌస్‌లకు 75 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం రాయితీ ఇచ్చింది. రాయితీ ఇల్లు కట్టడానికే. ఆ తర్వాత నెలనెలా తిరిగే మోటార్ల ఖర్చు రైతుదే. ఏ ఇల్లు మంచిదో తేల్చాల్సింది ఈ రెండో ఖర్చే.

వేసవిలో మేటి, వానాకాలంలో డీలా

ఫ్యాన్, ప్యాడ్ ఇంటి బలాన్ని ముందు నిజాయితీగా ఒప్పుకోవాలి. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున, 80 శాతం సామర్థ్యంతో పనిచేసే ప్యాడ్ దాటి వచ్చిన గాలి 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. పద్నాలుగు డిగ్రీల తగ్గుదల! ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని గాలిలోంచి లాగేస్తాయి. ఇంత చవకగా ఇంత పని చేసేది మరొకటి లేదు.

అదే ప్యాడ్‌ను ఆగస్టులో చూడండి. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం. అప్పుడు తగ్గేది రెండున్నర డిగ్రీల లోపే. ఫ్యాన్లు మాత్రం అంతే కరెంటు తాగుతాయి. లోపలి తేమ ఇంకా పెరిగి ఆకుమచ్చ, బూజు తెగుళ్లకు దారి తీస్తుంది. ఎండ పొడిగా కాసే తాండూరు వేసవికి ఇది సరిపోయే యంత్రం. అనంతగిరి మబ్బులు వాలే వికారాబాద్ వానాకాలానికి దండగ.

కరెంటు లెక్క కూడా చూద్దాం. పావెకరం ఇంట్లో గాలి నిమిషానికి ఒకసారి మారాలంటే గంటకు 40 వేల ఘనపు మీటర్లు తోడే ఫ్యాన్లు ఏడు కావాలి. ఒక్కోటి 1.1 కిలోవాట్లు. రోజుకు 8 గంటలు తిరిగితే 60 యూనిట్లు దాటుతుంది. కరెంటు పోతే పరిస్థితి ఇంకా కష్టం. మూసిన ఇంట్లో నడి మధ్యాహ్నం ఫ్యాన్లు ఆగితే వేడి నిమిషాల్లోనే ఎగబాకుతుంది. జనరేటర్ లేకుండా ఈ ఇల్లు కట్టడం పంటను పందెం కాయడమే.

ప్యాడ్ మీద పేరుకునే తాండూరు

బిల్లు కంటే ముందు తాండూరులో ప్యాడ్‌ను దెబ్బతీసేది నీళ్లు. అట్టలాంటి ఆ ప్యాడ్ ముడతల్లో రోజంతా నీళ్లు ఆవిరవుతుంటే అందులోని సున్నం అక్కడే మిగిలిపోతుంది. సున్నపురాతి పొరల్లోంచి వచ్చిన బోరు నీళ్లలో అది దండిగా ఉంటుంది. మొదట ముడతల అంచున తెల్లటి గీత పడుతుంది. తర్వాత గీతలు కలిసి పెంకు కడతాయి. గాలి దారులు మూసుకుపోతాయి. దానికి బండల పొడి, సిమెంటు దుమ్ము తోడైతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. మీటరు తిరగడం ఆగదు.

నీళ్ల పరిమాణమూ తక్కువ కాదు. పైన చెప్పిన 42 డిగ్రీల రోజున పావెకరం ఇంటి ప్యాడ్లు ఎనిమిది గంటల్లో 10 వేల లీటర్లకు పైగా ఆవిరి చేస్తాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే. దీనికి విరుగుడు ఆ ఇంటి కప్పు మీదే ఉంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద 800 మిల్లీమీటర్ల వాన పడితే 8 లక్షల లీటర్లు. ఆ వాననీళ్లలో సున్నం ఉండదు. గట్టర్లు పెట్టి, ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటలో నిల్వ చేసి, మీద కప్పితే చిందినది, ఇంకినది పోను దాదాపు రెండు నెలల ప్యాడ్ నీళ్లు దొరుకుతాయి. వాననీటి గుంట లేని ఫ్యాన్, ప్యాడ్ ఇల్లు తాండూరులో సగం కట్టిన ఇల్లే.

తెరిచిన ఇంటి బలం, పరిమితి

తెరిచిన ఇల్లు ఒక సాదా సూత్రం మీద నిలబడింది: వేడి గాలి పైకి పోతుంది. పైన ఇరుకు సందు ఉంటే సరిపోదు. కప్పు పొడవునా తెరుచుకునే కిటికీ, పక్కల్లో చుట్టి పైకెత్తే తెరలు ఉండాలి. శిఖరం ఆరేడు మీటర్ల ఎత్తున ఉంటే మరిగే గాలి మొక్కల తలల పైన నిలిచి బయటికి పోతుంది. పురుగు రాకుండా కట్టే సన్నకంత వల గాలిని బాగా అడ్డుకుంటుంది కాబట్టి తెరిచే వైశాల్యం దానికి తగ్గట్టు పెంచాలి. ఎత్తు పెంచితే ఈదురుగాలి ఒత్తిడీ పెరుగుతుంది. పునాదుల్లో, పైపుల మందంలో చేసే పొదుపు మొదటి గాలిదుమారానికే బయటపడుతుంది.

దీని పరిమితినీ దాచకూడదు. ఎంత బాగా కట్టినా లోపలి వేడి బయటి వేడి కంటే కిందికి దిగడం కష్టం. 35 డిగ్రీలు దాటితే టమాటాలో పుప్పొడి దెబ్బతింటుంది, క్యాప్సికంలో పూత రాలుతుంది. జెర్బెరాకు అంతకంటే చల్లదనం కావాలి. 200 మీటర్ల ఎత్తు వల్ల వికారాబాద్‌కు ఒక డిగ్రీకి పైగా కలిసి వస్తుంది. అది మార్చి, ఏప్రిల్ రోజులకు ఆసరా అవుతుందే తప్ప మే నెలకు కాదు.

అక్కడే ఎండను ముందే ఆపే ఉపాయాలు కావాలి. షేడ్‌నెట్‌ను ప్లాస్టిక్ కింద కట్టడం మన దగ్గర తరచుగా కనిపించే పొరపాటు. అప్పటికే ఎండ లోపలికి వచ్చేసింది. నెట్ వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. కప్పు పైన అడుగు, రెండడుగుల ఎడంతో కడితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అలవాటుగా కొనే ఆకుపచ్చ నెట్ మొక్కకు తక్కువ పనికొచ్చే పచ్చ వెలుగునే ఎక్కువగా వదులుతుంది. తెల్లది, వెండి పూతది మేలు.

ఇంకా చవకైనది సుద్ద పూత. స్పెయిన్‌లోని ఆల్మేరియాలో వేల హెక్టార్ల ప్లాస్టిక్ ఇళ్లకు వేసవిలో తెల్లసుద్ద నీళ్లే చల్లుతారు. దానికి కావలసిన రాయి తాండూరు కాళ్ల కిందే ఉంది. ఘాటు సున్నం కాకుండా మెత్తటి సుద్దపొడిని నీళ్లలో కలిపి మార్చిలో కప్పు మీద చల్లితే ఎండ వెనక్కి మళ్లుతుంది. మృగశిర వానలకు అది కొంత కొంతగా కడుక్కుపోతుంది, మబ్బు కమ్మే రోజుల్లో మొక్కకు వెలుగు మళ్లీ దొరుకుతుంది.

రోహిణి కార్తెను పనిలో పెట్టడం

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పంటను చల్లగా ఉంచడానికి ఫ్యాన్, ప్యాడ్ ఇల్లు సర్వశక్తులూ ఒడ్డుతుంది. తెరిచిన ఇంటి రైతు ఆ కార్తెకు కొన్ని వారాల ముందే పంట తీసేసి, కప్పు మీది నెట్, సుద్ద తొలగించి, నేలను తడిపి, పలచటి పారదర్శక షీటు పరిచి, తెరలన్నీ దించేయవచ్చు. రోహిణి దాకా నాలుగు నుంచి ఆరు వారాలు మగ్గితే మట్టిలో ఉడికిన వేడికి నులిపురుగులు, వేరుకుళ్లు శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. పాలీహౌస్ రైతును రెండో, మూడో ఏడాదికల్లా కుంగదీసేది ఈ నులిపురుగే. ఒక ఇల్లు డబ్బు పెట్టి తరిమే వేడే మరో ఇంట్లో పైసా అడగకుండా మందు పని చేస్తుంది. నా దృష్టిలో ఈ పోలికలో అన్నిటికంటే బరువైన అంశం ఇదే.

గదిలో పెట్టే టెంట్‌కూ ఇదే న్యాయం

ఊళ్లో మేడగదిలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు టెంట్ వేసి ఎల్‌ఈడీ దీపాల కింద ఆకుకూరలు పెంచేవారికి కూడా లెక్క మారదు. 200 వాట్ల దీపం చివరికి 200 వాట్ల వేడే. టెంట్ లోపల గదికంటే మూడు డిగ్రీలే ఎక్కువ ఉండాలంటే గంటకు 200 ఘనపు మీటర్ల గాలి పైనుంచి బయటికి పోవాలి. ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. ఆ గాలిని గదిలోకే వదిలితే మాత్రం గదే కొలిమి అవుతుంది. గొట్టాన్ని కిటికీ దాటించాలి, దీపానికి కరెంటు అందించే డ్రైవర్‌ను టెంట్ బయట పెట్టాలి, దీపాలను రాత్రి వెలిగించాలి. వికారాబాద్‌లో ఎనిమిదింటికి కిటికీ తెరిస్తే చల్లగాలి వస్తుంది. తాండూరులో బండల కప్పు పగలు తాగిన ఎండను పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటుంది. అక్కడ దీపాలు ఇంకొంత ఆలస్యంగా వెలగాలి, కప్పుకు తెల్లపూత ఉండాలి. 2023లో తెలంగాణ తెచ్చిన చల్లని కప్పుల విధానం చెప్పేదీ ఇలాంటి కప్పుల గురించే.

పంట ఎంపికా అంతే ముఖ్యం. బటన్ పుట్టగొడుగు కాతకు 14 నుంచి 18 డిగ్రీలు కావాలి, అంటే ఏసీ తప్పదు. ముత్యపుచిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 30 డిగ్రీలు, తడి గోనెపట్టాలు చాలు. పాల పుట్టగొడుగు 30 నుంచి 35 డిగ్రీల్లో కూడా కాస్తుంది. ఆకుకూరల్లో లెట్యూస్ వేడికి పువ్వెత్తి చేదెక్కుతుంది, తోటకూర అదే వేడిలో దూసుకుపోతుంది. కాలానికి తగిన పంటను ఎంచుకున్నవాడు సగం బిల్లును విత్తనంతోనే తగ్గించుకున్నట్టు.

తీర్పు

వికారాబాద్ వైపు తెరిచిన ఇల్లే సరైనది: ఎత్తైన కప్పు, పైన తెరుచుకునే కిటికీ, బయటి నెట్, జూన్ నుంచి మార్చి దాకా పంట, మేలో మట్టిని మగ్గబెట్టడం. తాండూరులో పెద్ద విస్తీర్ణానికి ఇదే పద్ధతి, దానికి సుద్ద పూత తోడు. నారు పెంచేవారికి మాత్రం మేలో చల్లదనం తప్పదు. జూన్ నాట్లకు ప్రోట్రేలలో మొలకలు అప్పుడే సిద్ధం కావాలి. వారికి చిన్న ఫ్యాన్, ప్యాడ్ ఇల్లు, దాని పక్కనే వాననీటి గుంట, ఒక జనరేటర్ న్యాయమైన ఖర్చే.

కప్పు కింద సేద్యం యూరప్ చలి దేశాల్లో వేడిని దాచుకోవడానికి ఎదిగింది. మన తమలపాకు రైతులు అవిసె చెట్ల నీడలో తీగను పెంచి, ఎండను ఎంత రానివ్వాలో ఏనాడో నేర్చుకున్నారు. ఆ క్రమమే మనకు కావాలి: ముందు ఎండను ఆపాలి, వచ్చిన వేడికి దారి చూపాలి, అప్పటికీ చాలకపోతే నీళ్లను ఆవిరి చేయాలి, మోటారు అన్నిటికంటే చివర రావాలి. చదరపు మీటర్లు లెక్కపెట్టి ఇచ్చే రాయితీ ఈ క్రమాన్నీ, ఊరి ఎత్తునూ, నీళ్లలోని సున్నాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒకే నమూనాను రెండు ఊళ్లకూ పంచినంత కాలం ఆ తేడా మూల్యాన్ని రైతు తన కరెంటు బిల్లులో చెల్లిస్తూనే ఉంటాడు.